తడిసిన మంచం కోడు
(పదకొండో భాగం)

పోయిన వారం మనం ఆగినచోట, కుక్కలమ్మ తన మామగారి పక్కమీద రబ్బరు గుడ్డ పరుస్తోంది. పసిపిల్లల కింద వేస్తారే, ఆ రకం. ఆమె మూలలు సర్దుతుండగానే ఆయన గుమ్మంలోకి వచ్చాడు. చూశాడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపి, రోడ్డుమీద ఎవరు అడ్డొచ్చినా నోరు ఊరుకోని మనిషి ఆ పూట ఒక్క మాట అనలేదు. భోజనానికి పిలిస్తే మాత్రం "ఆకలిగా లేదమ్మా" అన్నాడు.

కొత్తగా ఈ ఇంట్లోకి వస్తున్నవారికి రెండు ముక్కలు చెప్పాలి. ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు తమ కుక్కల్ని నాలుగు రోజులో వారం రోజులో ఆమె దగ్గర వదిలి వెళ్తారు. తిండి పెట్టి, తిప్పి, కంటికి రెప్పలా చూసుకుని మళ్ళీ అప్పజెప్పడం ఆమె పని. అందుకే వీధి మొత్తానికీ ఆమె కుక్కలమ్మ. భర్త లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. ఎనిమిదేళ్ళ పాప ఒక్కతే సంతానం. కిందటేడు వాళ్ళ సొంత కుక్క, గోధుమ అని ముద్దుగా పిలుచుకునేది, పాప చెంప కొరికింది. ఏడు కుట్లు పడ్డాయి. "అది బతికుండగా ఈ ఇంట్లో పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టను" అని పాప తండ్రి ఒట్టు పెట్టుకున్నాడు. మామగారే దాన్ని ప్రాణం తీసే సూది వేయించడానికి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, ఖాళీ మెడపట్టీ చేత్తో పట్టుకుని తిరిగొచ్చాడు.

ఆరు నెలలు గడిచాక కుక్కలమ్మ మళ్ళీ పని మొదలుపెడతానంటే భర్త ఒకే ఒక్క షరతు పెట్టాడు. ఇంట్లో ఎక్కడ ఒక్క చుక్క పడినా ఆ రోజుతో సరి.

చుక్కలు పడ్డాయి. కాని పడింది మామగారి గదిలో, ఆయన మంచం దగ్గర, ఆయన కునుకు తీసే వేళకి. కుక్కల పొట్టకు గుడ్డపట్టీలుంటాయి కాబట్టి, ఆయన వయసు చూసి, పక్క తడుపుతున్నది ఆయనేనని ఇంట్లో అందరూ నిర్ణయించేశారు. అంతకుముందు భర్త ఆ గదిలో ఘాటైన ఫినాయిలు బక్కెట్లకొద్దీ పోసి కడిగాడు కూడా. తడి తగ్గలేదు సరికదా, ఎక్కువైంది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి వృద్ధుల హోమ్ నుంచి ఒక మేడమ్ వస్తోంది, పెద్దాయన్ని చూసి కాగితాలు రాసుకోవడానికి.

* * *

ఆ ఉదయం పళ్ళడాక్టరు గారి కుక్క దిగింది. పేరు దొర. నల్లగా నిగనిగలాడుతూ, ఇల్లు బేరం చేయడానికి వచ్చినవాడిలా గోడలవైపు చూసుకుంటూ నడిచాడు.

మగకుక్క వచ్చినప్పుడు కుక్కలమ్మకు ఒక పద్ధతి ఉంది. ముందు గడప తొక్కనివ్వదు. వీధి చివరిదాకా రెండు సార్లు తిప్పి, ఉన్నదంతా బయటే పోయించి, అప్పుడు పొట్ట చుట్టూ గుడ్డపట్టీ కట్టి లోపలికి తెస్తుంది. తెచ్చాక మొదటి గంట తాడు తన నడుముకే కట్టుకుంటుంది. కొత్తచోటికి వచ్చిన మగకుక్క ఆ గంటలో వెతుక్కునేది ఒక్కటే. తనకంటే ముందు ఇక్కడ ఎవరు సంతకం పెట్టి పోయారా అని. పెట్టినవాడు కనిపిస్తే, ఆ సంతకం మీదే తనదీ పెట్టందే ఊరుకోదు. ఈ సంగతి పాపక్కూడా తెలుసు. తల్లి వెనకాలే తిరుగుతూ అన్నీ నేర్చేసుకుంది.

మామగారు రోజూలాగే పదింటికి షికారుకి వెళ్ళిపోయాడు. దుప్పటి మార్చుదామని కుక్కలమ్మ ఆ గదిలోకి వెళ్ళింది, దొరను నడుముకు కట్టుకునే. గుమ్మం దాటిందో లేదో దొర ఆమెను ఒక్క గుంజు గుంజాడు. నేరుగా మంచం కోడు దగ్గరికి. ముక్కు కోడుకు ఆనించి, ఊపిరి బిగబట్టి, పైకీ కిందికీ చదివినట్టు వాసన చూశాడు. తరువాత కాలెత్తాడు. పట్టీ ఉంది కాబట్టి చుక్క కింద పడలేదు. పట్టీ మాత్రం తడిసి బరువెక్కింది.

కుక్కలమ్మ అక్కడే నిలబడిపోయింది.

నాలుగు నెలల్లో ఆ దుప్పట్లు ఎన్నిసార్లు తీసిందో! ఒక్కసారి కూడా తడి ఎక్కడుందో చూడలేదు. కన్నతండ్రిలాంటి మనిషి పక్క. ముఖం పక్కకు తిప్పుకుని, ఉండలా చుట్టి, మిషన్లో పడేసేది. ఊరందరి కుక్కల తడినీ మోకాళ్ళమీద వంగి పరీక్ష చేసే మనిషి, మామగారి దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకుంది. మర్యాద అనుకుంది. దేవుడు మనిషికి కళ్ళిచ్చాడు, సిగ్గునూ ఇచ్చాడు. రెండూ ఒకేసారి అడ్డుపడితే దేన్ని పక్కన పెట్టాలో మాత్రం ఎవరికి వాళ్ళే తెలుసుకోమన్నట్టున్నాడు.

ఆమె కిటికీ తెర లాగి, తలుపు మూసి, ఊదారంగు టార్చి తెచ్చింది. ఆరిపోయిన మూత్రం ఆ వెలుగులో పచ్చగా మెరుస్తుంది. ముందు రబ్బరు గుడ్డ ఎత్తి పరుపు చూసింది. పరుపు శుభ్రంగా ఉంది. ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక్క మరక లేదు. అప్పుడు నేలమీద కూర్చుని, కుక్క ఎత్తులోంచి చూసింది. మంచం కోడు మెరిసింది. కిందికి వేలాడే దుప్పటి అంచు మెరిసింది. అన్నీ జానెడున్నర ఎత్తులోనే. ఒకటి మీద ఒకటి, చారలు చారలుగా. మనిషి తడిపితే అలా తడవదు.

మధ్యాహ్నం ఒంటిగంటకి కుక్కల పట్టీలు విప్పి, చర్మానికి గాలి తగలాలని ఒక గంట వదిలేస్తుంది. ఆ గంట. సరిగ్గా ఆ గంటలోనే.

సంగతి అక్కడితో అయిపోతే బాగుండేది. కాని పని తెలిసినదానికి మనసు ఊరుకోదు. వంటగది ఉంది, వసారా ఉంది, చెప్పుల స్టాండు ఉంది. అవన్నీ వదిలేసి ఈ కోడే ఎందుకు? కోడు పై కొసకు మామగారి పాత ప్యాంటు వేలాడుతోంది. షికారుకు రెండు ప్యాంట్లు మార్చి మార్చి వేస్తాడు. ఉతకడానికి అడిగితే "ఇంకో రెండు రోజులు నడుస్తుందిలే" అంటాడు. ఆమె దాన్ని తీసి తెర పక్కకు జరిపి వెలుతురులో చూసింది. అంచుల్లో రంపపు పొట్టు. మోకాలి కింద, కుక్క ఆనుకుని నిలబడేచోట, పొట్టి పొట్టి గోధుమరంగు వెంట్రుకలు.

ఈ నాలుగు నెలల్లో నల్లవి వచ్చాయి, తెల్లవి వచ్చాయి, మచ్చలవి వచ్చాయి. ఆ రంగుది ఒక్కటీ రాలేదు. ఆ రంగు వెంట్రుకల్ని మాత్రం ఆరేళ్ళు ఈ చేత్తోనే దువ్వింది.

* * *

పన్నెండింటికి మామగారు వచ్చేసరికి ఆమె ఇంకా నేలమీదే ఉంది. దొర ఆమె కాళ్ళ దగ్గర పడుకుని ఉన్నాడు. ఆయన్ని చూడగానే లేచి, ఆయన మోకాలి దగ్గర ముక్కు పెట్టి వదల్లేదు.

"ఏంటమ్మాయ్, నా గది సోదా చేస్తున్నావా? దొరగారు కూడా దయచేశారే!"

"కూర్చోండి మామయ్యా."

"కూర్చుంటాగాని, ముందు చెప్పు. కింద ఇంకో రబ్బరు గుడ్డ గానీ వేశావా?"

ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఆమె ఓర్చుకుంది. "ఉన్నది కూడా తీసేశాను. పరుపు చూశాను. ఏమీ లేదు."

ఆయన గోడకు చేయి ఆనించి మెల్లగా మంచం మీద కూర్చున్నాడు.

"ఇది మీరు కాదు. మీకు తెలుసు."

"నా ఒళ్ళు నాకు తెలియదూ!"

"తెలిసి ఎందుకు చెప్పలేదు మరి? నేను మొహం తిప్పుకుని మీ దుప్పట్లు తీసుకెళ్తుంటే చూస్తూ కూర్చున్నారే! మీ అబ్బాయి హోమ్ వాళ్ళకి ఫోన్ చేస్తుంటే పక్కనే పేపరు చదువుకున్నారే! మీరు మనిషేనా మామయ్యా?"

"అరవకు. దొర బెదురుతున్నాడు."

ఆమె అరచేయి చాచింది. అందులో మూడు వెంట్రుకలు. "గోధుమ ఎక్కడుంది?"

ఆయన వాటివంక చూశాడు. "కిటికీ వేసెయ్. ఎగిరిపోతాయి" అన్నాడు.

ఆ ఒక్క మాటతో ఆమెకు కోప్పడే బలం పోయింది. లేచి కిటికీ వేసి వచ్చి ఆయన ఎదురుగా కూర్చుంది.

"ఆ రోజు డాక్టరు భోజనానికి వెళ్ళాడమ్మా" అన్నాడాయన, బస్సు ఎందుకు ఆలస్యమైందో డిపోలో చెప్పినట్టు. "గంటలో వస్తాడు, కూర్చోమన్నారు. కూర్చున్నాను. అది నా బూటు మీద గడ్డం పెట్టి నిద్రపోయింది. గుర్రు కూడా పెట్టింది. డాక్టరు అప్పుడే ఉండుంటే చేయించేసేవాణ్ణే. ఒట్టు. ఇంటినుంచి బయల్దేరేటప్పుడు నాకూ దానిమీద కోపమే. మనవరాలి చెంప కళ్ళముందే ఉంది. కాని ఆ గంట... ఆ గంటసేపు ఏ మనిషీ అలా కూర్చోలేడమ్మా. కూర్చుని లేచి, మళ్ళీ లోపలికి తీసుకెళ్ళలేడు."

"ఎక్కడ పెట్టారు?"

"కండక్టరు గుర్తున్నాడా, నాతో పదేళ్ళు డ్యూటీ చేసినవాడు? వాడిప్పుడు కలప అడితికి కాపలా. వెనకవైపు కట్టేశాం. మూతికి చిక్కం తీయడు. పిల్లలెవరూ రారు అటు. రోజూ నేను వెళ్ళి గంట కూర్చుని వస్తాను. అంతే."

"అంతేనా!" కుక్కలమ్మ గొంతు మళ్ళీ లేచింది. "పాప రోజూ సాయంత్రం దేవుడితో ఏం చెప్పుకుంటుందో మీరు వినడంలేదా? 'చెవి లాగింది నేనే స్వామీ, తప్పు నాదే, గోధుమకి అక్కడ నొప్పి లేకుండా చూడు' అని. ఏడాది నుంచి. మీరు పక్క కుర్చీలోనే కూర్చుని కళ్ళు మూసుకుంటారు."

"కళ్ళు మూసుకోకుండా వినగలనా?"

ప్రాణం తీయలేకపోవడం తప్పయితే అది పెద్దాయనది. తీశానని చెప్పడం తప్పయితే అదీ ఆయనదే. కాని చెప్పకపోతే ఒక ప్రాణం పోయేది, చెప్పడంవల్ల పసిదాని మనసులో ఒక ముల్లు ఉండిపోయింది. దేవుడి ముందు నిలబడ్డ రోజున ఏది ముందు అడుగుతారో? కుక్కలమ్మ రోజూ ఉదయం కళ్ళు మూసుకుని, నా నోట అబద్ధం రానివ్వకు తండ్రీ అని మొక్కుకునే మనిషి. ఇప్పుడేం మొక్కుకోవాలో తోచలేదు.

"కుక్కలు తడిపాయని అబ్బాయికి చెప్పావనుకో, నీ పని పోతుంది" అన్నాడాయన నెమ్మదిగా. "గోధుమ సంగతి చెబితే ఈసారి వాడే తీసుకెళ్తాడు. వాడికి ఏ డాక్టరూ భోజనానికి వెళ్ళడు. నేనే తడిపాననుకుంటే పోయేదేముందమ్మా? నా మంచం ఇక్కణ్ణుంచి అక్కడికి మారుతుంది. వయసైనవాడు పక్క తడిపితే ఎవరూ నవ్వరు. పోనీ నవ్వనీ."

"హోమ్‌లో రోజూ బయటికి పంపిస్తారా?"

"ఫోన్ చేసి అడిగాను. గేటు దాటనివ్వరట." ప్యాంటు మీది పొట్టు దులుపుకున్నాడు. "అందుకే ఇవాళ చెప్పి వచ్చేశా."

"ఎవరికి?"

"కండక్టరుకి." దొర తల నిమురుతూ, "దానికీ" అన్నాడు.

* * *

నాలుగింటికి చెప్పిన నిమిషానికే మేడమ్ వచ్చింది. వెనకాలే భర్త, పని మధ్యలోంచి వచ్చినట్టున్నాడు, మోచేతులదాకా గ్రీజు. అతను చెడ్డవాడు కాదు. తండ్రిని వదిలించుకుందామనీ అనుకోలేదు. అరిగిన సామాను బాగుచేసేచోటుకి పంపాలని నమ్మే మనిషి. ఇంట్లో తన భార్య నాలుగు నెలలుగా తడి దుప్పట్లు పిండుతుంటే చూడలేకపోయాడు.

దొరను వంటగదిలో పెట్టి తలుపు వేశారు. మేడమ్ కుర్చీలో కూర్చుని అట్ట మీద కాగితం పెట్టుకుంది. ఆమె కూడా రోజూ ఇలాంటి గదులు చూసి చూసి అలిసిన మనిషిలాగే ఉంది, మాట మాత్రం మెత్తగా ఉంది.

"పక్క తడపడం ఎన్నాళ్ళ నుంచండీ?"

"నాలుగు నెలలు" అన్నాడు భర్త.

"రాత్రా, పగలా?"

"పగలేనమ్మా" అన్నాడు మామగారు. "మధ్యాహ్నం కాస్త కన్నంటుకున్నప్పుడు."

"వస్తున్నట్టు తెలుస్తుందా పెద్దాయనా, తెలియకుండా అయిపోతుందా?"

ఆయన కొడుకు ముఖంలోకి చూడలేదు. నేలకేసి చూస్తూ, "తెలియకుండానే" అన్నాడు.

భర్త గోడవైపు తిరిగాడు. మేడమ్ రాసుకుంది. పెన్ను కుక్కలమ్మ వైపు చాచింది. "ఇంట్లో చూసుకునేది మీరే కదా. పెద్దాయన చెప్పినవి నిజమేనని ఇక్కడ ఒక సంతకం చేయండి."

కుక్కలమ్మ పెన్ను తీసుకుంది. మామగారు తల ఎత్తి ఆమెవంక చూశాడు. బతిమాలినట్టు కాదు, చెప్పినట్టు. చెయ్యమ్మా, అయిపోతుంది.

ఆమె పెన్ను కాగితం మీద పెట్టేసింది.

"ఆ తడి మామయ్యది కాదు."

"అంటే?" అన్నాడు భర్త.

"కుక్కలదండీ. మధ్యాహ్నం పట్టీలు విప్పే గంటలో ఈ గదిలోకి వచ్చి పోస్తున్నాయి. పరుపు ఎత్తి చూడండి, మరక లేదు. మంచం కోడు చూడండి. నేను చూసుకోలేదు. తప్పు నాది." ఒక్క గుక్కలో చెప్పేసింది. ఆగితే ఇక చెప్పలేనని ఆమెకు తెలుసు. "దొర ఆదివారం వెళ్ళిపోతాడు. ఆ తరువాత ఇంకెవర్నీ తీసుకోను. మీరన్న మాట నాకు గుర్తుంది."

భర్త వెళ్ళి పరుపు ఎత్తాడు. వంగి కోడు చూశాడు, వేలితో రుద్ది వాసన చూశాడు. లేచేసరికి ముఖం మారిపోయింది.

"నాన్నా... నువ్వెందుకు చెప్పలేదు?"

పెద్దాయన కుక్కలమ్మవైపు ఒకసారి చూశాడు. "కోడలి పని పోతుందని" అన్నాడు.

అది అబద్ధమూ కాదు, నిజమూ కాదు. భర్త గ్రీజు చేతులతోనే తండ్రి పక్కన కూలబడి ఆయన చేయి పట్టుకున్నాడు. "నాలుగు నెలలు నిన్ను ఎంత మాటన్నా... ఛీ! నా మొహం మీద ఉమ్మెయ్ నాన్నా" అన్నాడు. ముసలాయన కొడుకు వీపు నిమిరాడు, కాని ఆయన కళ్ళు కుక్కలమ్మ మీదే ఉన్నాయి. ఆమె తన బతుకుతెరువు తీసి బల్లమీద పెట్టేసింది. అందుకు బదులుగా ఒక కుక్క ప్రాణం, ఒక మంచం మిగిలాయి. చాలనుకుంది. చాలునా అని ఆమెను ఎవరూ అడగలేదు.

మేడమ్ కాగితం నాలుగు మడతలు పెట్టి సంచీలో వేసుకుంది. "నా పని లేకుండా పోయిన ఇళ్ళు తక్కువండీ. సంతోషం" అని లేచింది.

గుమ్మంలో పాప నిలబడి ఉంది. బడి సంచీ ఇంకా భుజాన ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో ఎవరూ చూడలేదు. చెంప మీద కుట్లు పడ్డ గీత, ఎండలో నడిచి రావడంవల్ల ఎర్రగా తేలింది.

"అమ్మా, కుక్కలైతే తాతయ్య మంచం దగ్గరే ఎందుకు పోస్తాయి?"

"ఊరికేనమ్మా. కాళ్ళు కడుక్కో, వెళ్ళు."

"ఊరికే పొయ్యవు కదా. ఇంకో కుక్క వాసన ఉంటేనే పోస్తాయని నువ్వే చెప్పావు."

భర్త తండ్రి చేయి వదల్లేదు. కాని ఆ పట్టులో పెద్దాయన చేయి బిగుసుకోవడం కుక్కలమ్మకు కనిపించింది.

పాప సంచీ కింద పెట్టి లోపలికి నడిచింది. తల్లి చేసినట్టే మోకాళ్ళమీద కూర్చుని, తాతయ్య వేసుకున్న ప్యాంటు మోకాలి దగ్గర ముఖం పెట్టి చూసింది. పాప తలెత్తింది. ఏడాదిగా ఆ ముఖంలో లేనిదేదో ఇప్పుడు ఉంది. దాన్ని చూసి సంతోషించాలో భయపడాలో తల్లికి తెలియలేదు.

"తాతయ్యా! నువ్వు రోజూ ఏ కుక్క దగ్గరికి వెళ్తున్నావు?"